నాలుక కింద రెండు వేళ్లు

కోకండ్‌లో మదుమార్ పేరు వినని ఇల్లు లేదు. పగలంతా బజారు వీధిలో రేకులు కొట్టి, వాననీటి గొట్టాలూ పెళ్లికూతుళ్ల పెట్టెలూ చేసేవాడు. సాయంత్రం చాయ్‌ఖానాలో కూర్చున్నాడంటే అస్కియా మొదలయ్యేది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఏదో ఒక విషయం పట్టుకుని, రెండర్థాల మాటలతో ఒకరినొకరు పొడుచుకుంటారు. తడుముకున్నవాడు ఓడినట్టు. మదుమార్ తడుముకోగా చూసినవాళ్లు లేరు. పెళ్లిళ్లకి మార్గిలాన్ నుంచీ నమంగాన్ నుంచీ కారు పంపించి మరీ పిలిపించుకునేవారు.

మాట ఎంత పాతదో ఆయన నోట్లో నస్వాయ్ కూడా అంత పాతది. పచ్చటి పొగాకు గుండ. చిటికెడు తీసి నాలుక కింద పెట్టుకోవడం, కాసేపటికి ఉమ్మడం, ఎదుటివాడి మీద ఒక మాట వదలడం, మళ్లీ చిటికెడు. నలభై ఏళ్లు అలా గడిచాక నాలుక కింద ఎడమ పక్కన తెల్లటి మచ్చ లేచి గట్టిపడింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తే, ఇంకా క్యాన్సర్ కాలేదు గానీ ఆ దారిలోనే ఉందని వచ్చింది. మార్చిలో వచ్చే నవ్రూజ్ పండగ వెళ్లిన వారానికి మా ఆసుపత్రిలో చేరాడు.

నేను నోటి ఆపరేషన్ల వార్డులో కట్లు మార్చే నర్సుని. పేరు ఓయ్‌నిసా. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే దీపం.

ఆపరేషన్ ముందురోజు డాక్టర్ బోతిర్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "నోరు తెరవండి" అన్నాడు.

"ఈ మాట అన్న మొదటి మనిషి మీరే డాక్టరుగారూ. మూయమనేవాళ్లే అందరూ," అన్నాడు మదుమార్. "అయినా ఇన్నాళ్లూ ఈ ఊళ్లో కోతలు కోసింది నేనొక్కణ్ణే. ఇప్పుడు పోటీకి మీరు దిగారన్నమాట."

డాక్టరు చేతిలో అద్దం వణికేలా నవ్వాడు. తలుపు దగ్గర మదుమార్ భార్య ముఅత్తర్ నిలబడి ఉంది, భర్త కోటు చేతిమీద వేసుకుని. సన్నటి మనిషి. నేను కాగితం తీసుకుని, "వదినా, అన్నకి పడని మందులేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

ఆమె "ప... ప..." అని ఆగింది. గొంతు నరాలు బిగిశాయి.

"పడనిది ఒక్కటే," అన్నాడు మదుమార్ కుర్చీలోంచి. "నోరు మూసుకు కూర్చోవడం. రాసుకో."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, "పడనివి లేవు" అని రాసుకున్నాను. పది నిమిషాల తర్వాత వరండాలో ఎవరో నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగారు. ముఅత్తర్. కళ్లు మూసుకుని, గాలి పీల్చుకుని, మెల్లగా చెప్పింది. "పెన్సిలిన్. ఒకసారి ఇచ్చారు. ఒళ్లంతా వాచి ఊపిరాడలేదు." లోపలికి పరిగెత్తి ఎర్ర సిరాతో రాశాను.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. మచ్చ మొత్తం తీసేశారు. అక్కడే కదులుతున్న రెండు దవడ పళ్లు పీకేశారు. నస్వాయ్ ఒరుసుకుని ఒరుసుకుని ఒకచోట చిగురు కరిగిపోయి పంటి వేరు బయటపడి ఉంది. అంగిలి నుంచి పలచటి పొర ఒకటి తీసి ఆ చోట అతికారు. మర్నాడు ఆయన మెలకువగా ఉన్నప్పుడు చేతికి అద్దం ఇచ్చాను. చూడనంటే వినను నేను. తన నోట్లో ఏముందో తెలియని మనిషి నాలుకతో తడుముతూనే ఉంటాడు, దాంతో అన్నీ పాడవుతాయి.

"నాలుగు గాయాలన్నా," అన్నాను. "నాలుగూ నాలుగు రకాలు. నాలుక కింద కుట్లు వేశారు. అక్కడ రక్తం బాగా ఆడుతుంది, వాపెక్కువ, కానీ అన్నిటికంటే తొందరగా మానేది అదే, కదపకపోతే. అంగిలికి కుట్లు లేవు. కాలిన చోటులాగ మండుతుంది. చుట్టూ అంచుల్నించి కొత్త పొర పాక్కుంటూ మధ్యకి రావాలి. మూడు వారాలు. పళ్లు పీకిన గుంటల్లో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంది. అదే మందు. పుక్కిలించి ఉమ్మారంటే మూత లేచిపోతుంది, కింద ఎముక బయటపడితే మీ కేకలు ఫెర్గానాదాకా వినిపిస్తాయి. ఇక ఈ అతుకు. దానికి ఇంకా సొంత నెత్తురు లేదు. కిందనుంచి ఊరే తడిని తాగి బతుకుతోంది. రెండు మూడు రోజుల్లో సన్నటి రక్తనాళాలు దానిలోకి పాకుతాయి. అప్పటిదాకా దాన్ని పెదవి కూడా తాకకూడదు."

ఆయన కాగితం మీద రాశాడు: మాట్లాడటం?

"పది రోజులు లేదు. నవ్వడం కూడా."

అద్దం నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మొదటి రెండు రోజులూ నోటుపుస్తకంలో హాస్యాలు రాసి పక్క మంచాలవాళ్లకి చూపించేవాడు. కళ్లద్దాలు వెతుక్కుని ఒక్కొక్కరూ చదివేసరికి హాస్యం చల్లారిపోయేది. మూడోవాడి దగ్గరికి పుస్తకం వెళ్లేలోగా మొదటివాడు నిద్రపోయేవాడు. తర్వాత రాయడం మానేశాడు.

ముఅత్తర్ రోజూ పొద్దున్నే వచ్చేది. షోర్వా, అంటే మాంసం పులుసు, వడగట్టి చల్లార్చి చెంచాతో పోసేది. గొట్టం పెట్టి పీల్చకూడదు కదా. మూడో రోజు నేను గదిలోకి వెళ్లేసరికి ఆమె పుల్లకి దూది చుట్టి భర్త నోట్లోకి పెట్టబోతోంది.

"ఏంటది వదినా!"

"చీ... చీము," అంది భయంగా. "తెల్లగా. తుడుస్తా."

దీపం వేసి చూశాను. అంగిలి మీద పసుపు కలిసిన తెల్లటి పొర పట్టింది. "చీము కాదు వదినా. గాయం తనకి తనే వేసుకున్న కట్టు ఇది. ఒంటిమీద గాయమైతే గోధుమరంగు పక్కు కడుతుంది, నోట్లో తడి కాబట్టి ఇలా తెల్లగా మెత్తగా ఉంటుంది. తుడిస్తే మళ్లీ మొదటికొస్తాం."

మదుమార్ అతుకువైపు వేలు చూపించాడు. అదింకా పాలిపోయి, నీళ్లలో నానిన కాగితంలా ఉంది. పుస్తకం తీసుకుని రాశాడు: చచ్చిందా?

"లేదన్నా. పైపొర ఊడుతుంది, చూస్తే భయంగానే ఉంటుంది. అడుగున అంటుకుంటోంది. ఇంకో మూడు రోజులాగండి."

ఆయన నమ్మలేదు. అలాంటి మాటలు ఆయన జీవితంలో చాలామందికి చెప్పి ఉంటాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం సోతిబోల్ది వచ్చాడు. పుచ్చకాయంత తల, పెద్ద పొట్ట, గుర్రాలకి నాడాలు కొట్టే మనిషి. ముప్పై ఏళ్లుగా అస్కియాలో మదుమార్‌కి ఎదురు కూర్చునేది ఇతనే. ఇద్దరూ అన్నదమ్ములకంటే ఎక్కువ. వెనకాల ఇంకో ఇద్దరు స్నేహితులు. గుమ్మంలోనే నేను చెప్పాను, "నవ్వించొద్దు, అయిదు నిమిషాలే" అని.

"నవ్వించడమా? ఏడవడానికొచ్చాం చెల్లెమ్మా," అన్నాడు సోతిబోల్ది. మంచం పక్కన కూర్చుని స్నేహితుడి మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఒరేయ్ మదుమార్, ఊళ్లో అందరి నోళ్లూ మూయించావు, నీ నోరు ముయ్యడానికి ఇన్ని కుట్లు కావాల్సొచ్చాయా?"

మదుమార్ కళ్లు మెరిశాయి. చెయ్యెత్తి వద్దన్నట్టు ఊపాడు. ఆ చెయ్యి చూసి సోతిబోల్దికి హుషారెక్కింది. నావైపు తిరిగి, "నర్సమ్మా, కోసినప్పుడు వీడి నాలుకలో నరం కనబడిందా? నాకు ఎప్పట్నుంచో అనుమానం," అన్నాడు. స్నేహితులు నవ్వారు. పక్క మంచాలవాళ్లూ నవ్వారు. మదుమార్ పెదవులు బిగబట్టుకుని భుజాలు ఊపుతున్నాడు.

"చాలు అన్నా," అన్నాను.

"ఒక్కటే, ఒక్కటే. పాపం ఇంట్లో ఎలా గడుస్తోందో? వీడేమో మూగ, మా వదినేమో..." అని గొంతు మార్చి, "వా... వా... వా..." అంటూ కిటికీలోంచి ఆకాశం చూసి, అరచెయ్యి చాపి చినుకులు పట్టుకున్నట్టు పట్టుకుని, తర్వాత చేతులు దులుపుకున్నాడు.

అది ఊరందరికీ తెలిసిన హాస్యం. మదుమార్‌దే. మా ఆవిడ 'వానొస్తోంది' అని చెప్పేలోగా వాన వచ్చి, వెలిసి, తడిసిన బట్టలు కూడా ఆరిపోతాయి అని. ఆయన ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. ఇప్పుడు తన హాస్యమే ఎదురొచ్చేసరికి ఆపుకోలేకపోయాడు. నోరు తెరిచి నవ్వాడు. మొదటి నవ్వుకే నెత్తురు గడ్డం మీదికి వచ్చింది.

ముఅత్తర్ గిన్నె పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

స్నేహితులందర్నీ బయటికి నెట్టాను. మదుమార్‌ని కట్ల గదిలోకి తీసుకెళ్లి కుర్చీలో వెనక్కి వాల్చి, పీల్చే గొట్టం పెట్టి చూశాను. నాలుక కింద రెండు కుట్లు తెగాయి. అక్కడ నెత్తురు లోపలికి పోతే వాపు గొంతుకి అడ్డం పడుతుంది. డాక్టరు బోతిర్ పైన లారీ ప్రమాదంలో దవడ విరిగిన మనిషికి ఆపరేషన్ చేస్తున్నాడు. కబురు పంపించాను. నాతో ఉండే రెండో నర్సు సెలవులో ఉంది. సూదీ దారం, మత్తు ఇంజక్షన్ నేనే సిద్ధం చెయ్యాలి.

"వదినా, చేతులు కడుక్కో. ఈ తొడుగులు వేసుకో. రెండు వేళ్లూ ఇక్కడ, ఈ గుడ్డ మీద. బొటనవేలు గడ్డం కింద. మధ్యలో పట్టుకుని గట్టిగా నొక్కు. నేను చెప్పేదాకా తియ్యకు. ఎత్తి చూడకు."

ఆమె చెయ్యి వణకలేదు. రోజూ పిండి పిసికే చెయ్యి. నేను వీపు తిప్పి పళ్లెం సర్దుకుంటున్నాను.

"దిల్‌దోరా పెళ్లి," అంది ముఅత్తర్. "గుర్తుందా మీకు?"

ఆమె ప్రతి మాట దగ్గరా ఆగింది. కొన్నిచోట్ల చాలాసేపు. ఆగిన చోటల్లా రాస్తే ఈ కథ ముగియదు, అందుకని రాయడం లేదు. కానీ ఆగింది. ఆయనకి వినడం తప్ప దారి లేదు. రెండు వేళ్లు నాలుక కింద ఉన్నాయి.

"నాలుగొందల మంది. మైకు నా చేతికిచ్చారు. కూతురికి దీవెన చెప్పమన్నారు. నెల రోజులు నేర్చుకున్నాను ఆ నాలుగు ముక్కలూ. తందూరు ముందు నిలబడి రొట్టెలకి చెప్పాను. పేరు దగ్గర ఆగింది. దిల్‌దోరా అనాలి. ఇంకొక్క క్షణమాగితే వచ్చేది. నాకు తెలుసు, వచ్చేసింది నాలుక చివరికి. మీరు మైకు లాక్కున్నారు. వాన వచ్చి వెలిసిపోతుందన్నారు. పిల్ల కూడా నవ్వింది. ముసుగు కదిలింది. నేను చూశాను."

నేను మత్తు సీసా పళ్లెంలో పెట్టాను.

"ముప్పై ఒక్కేళ్లు మీ ఇంట్లో నేను ఒక్క మాట చివరిదాకా చెప్పలేదు. చివర మీరే పెట్టేవారు. చాలాసార్లు నేను చెప్పబోయింది అది కాదు. మళ్లీ మొదలెట్టడం కష్టమని సరేలే అనుకునేదాన్ని. నేనంటే మీకు తెలిసింది మీరు పెట్టిన ఆ చివర్లే, అంతే."

మదుమార్ గొంతులోంచి ఏదో చప్పుడు చేశాడు.

"కదలకండి. నెత్తురొస్తుంది," అంది. వేళ్లు ఇంకా గట్టిగా నొక్కింది. "ఇందాక ఆయన వెక్కిరిస్తే మీరు నవ్వారు. నా మీద నవ్వడానికి కుట్లు కూడా తెంచుకున్నారు."

తల వెనక్కి వాలి ఉంది కాబట్టి ఆయన కన్నీళ్లు కణతల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి. ఆమె ఖాళీగా ఉన్న చేతి మణికట్టుతో తుడిచింది. జాలిపడి తుడిచిందో, మెడ కింద గుడ్డ తడుస్తుందని తుడిచిందో నాకు తెలియదు. డాక్టరు వచ్చేదాకా పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి మార్చుకోలేదు. గుడ్డ తీసేసరికి నెత్తురు ఆగి ఉంది. తెగిన రెండు కుట్లూ డాక్టరు మళ్లీ వేశాడు.

ఆ సాయంత్రం మదుమార్ పుస్తకం తీసి ఏదో రాసి ఆమెకిచ్చాడు. ఆమె చదివింది. "ఆ దీవెన ఇప్పుడు చెప్పాలా? అది మీ కోసం నేర్చుకున్నది కాదు," అని పుస్తకం మూసి దిండు కింద పెట్టింది.

మర్నాడు సోతిబోల్ది ఒక్కడే వచ్చాడు. లోపలికి రాలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎండు ఆప్రికాట్ల సంచీ గుమ్మంలో పెట్టి, "వదినా, తప్పయింది," అన్నాడు. ముఅత్తర్ ఏదో చెప్పబోయి మొదటి అక్షరం దగ్గర ఆగింది. ఆ మనిషి అంత పొట్టా వేసుకుని కదలకుండా నిలబడ్డాడు. చివరికి ఆమె చెప్పింది, "మీరు నేర్చుకున్నది ఈయన దగ్గరే కదా. కూర్చోండి."

ఏడో రోజుకి అతుకు పాలిపోయిన రంగు వదిలి గులాబీరంగు తేలింది. వేలితో మెల్లగా నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ ఎర్రబడింది. మదుమార్ అద్దం పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. అంగిలి మీద తెల్లపొర అంచుల్నించి చిన్నదవుతోంది. గుంటల్లో ఎర్రటి మెత్తటి కండ అడుగునుంచి లేస్తోంది. ఆ రోజుల్లో ముఅత్తర్ మాట్లాడుతూనే ఉండేది. పెద్ద విషయాలేమీ కాదు. ఆవు ఈనబోతోంది, పక్కింటి గోడ కూలింది, చిన్నప్పుడు రిష్తాన్‌లో వాళ్ల నాన్న కుండలకి రంగు వేస్తుంటే తను పక్కన కూర్చునేది. ఆయన మంచం మీద కూర్చుని వినేవాడు. మొదట్లో చెయ్యి ఊపి తొందరపెట్టబోయేవాడు. ఊపిన ప్రతిసారీ ఆమె వాక్యం మొదటినుంచి మొదలెట్టేది. రెండు రోజుల్లో చెయ్యి ఒళ్లో పెట్టుకోవడం నేర్చుకున్నాడు.

పదో రోజున కాదు, తెగిన కుట్ల వల్ల పద్నాలుగో రోజున మాట్లాడమన్నాం. ఆయన నోరు తెరిచి, "సలాం" అనబోయాడు. వచ్చింది వేరే ఏదో. నాలుక బరువుగా, కింద కొత్త పొర బిగుసుకుని, కట్టేసినట్టుగా ఉంది. ఇంకోసారి ప్రయత్నించాడు. మొహం తెల్లబడిపోయింది. నాకు అర్థమైంది. ఆయన బతుకంతా ఆ నాలుక వేగం మీదే ఉంది.

"సాగుతుందన్నా," అన్నాను. "గాయం మానిన చోటు కొత్తగా ఉన్నప్పుడు లాగి పట్టుకుంటుంది. రోజూ నాలుక పైకెత్తి అంగిలికి ఆనించండి, పక్కలకి తిప్పండి. నెలలో తేడా తెలుస్తుంది."

ఆయన ముఅత్తర్ వైపు చూశాడు. ఆమె మంచం అంచున కూర్చుని, "స దగ్గర నెట్టకండి," అంది. "నెడితే మూసుకుపోతుంది. గాలి ముందు వదలాలి. తర్వాత స. పాటలాగ సాగదియ్యండి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న నేర్పాడు."

"స్సలాం," అన్నాడు ఆయన, సాగదీసి.

ముఅత్తర్ కిటికీవైపు చూసింది. "బట్టలు ఆరిపోయాయి," అంది.

గదిలో ఆరుగురు మగవాళ్లు పగలబడి నవ్వారు. మదుమార్ ఒక క్షణం అలాగే చూశాడు. తర్వాత రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని, నోరు తెరుచుకోకుండా, మొహం ఎర్రబడేలా నవ్వాడు.

ఏప్రిల్ మధ్యలో ఇంటికి పంపించాం. నస్వాయ్ డబ్బీ ఆయనే తెచ్చి నా బల్లమీద పెట్టాడు. మొదటి నెల నరకం చూశానని తర్వాత చెప్పాడు. చేతులు ఊరికే జేబు వెతికేవట.

మే ఆఖరున పరీక్షకి వచ్చారు, ఇద్దరూ. డాక్టరు బోతిర్ దీపం వేసి చూశాడు. అంగిలి మీద ఎక్కడ తీశారో వెతుక్కోవాలి. అతుకు చుట్టుపక్కల చిగురుకంటే ఒక వన్నె తెల్లగా ఉంది, అంతే. గుంటల మీద చిగురు మూసుకుంది, లోపల ఎముక నిండటానికి ఇంకా నాలుగు నెలలు పడుతుంది. నాలుక కింద కొత్త మచ్చ లేదు. మాట కొంచెం మందంగా ఉంది, స, ర దగ్గర.

"అస్కియా ఆడుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"పోయిన శుక్రవారం ఆడాను. మూడో మాటకే తడుముకున్నా. సోతిబోల్ది గెలిచాడు. అందరూ వాణ్ణి వదిలేసి నన్ను చూస్తున్నారు, జాలిగా. అది భరించలేకపోయా. మళ్లీ వెళ్తా వచ్చే శుక్రవారం."

బయట వరండాలో పదిమంది వరసలో ఉన్నారు. డాక్టరు కాగితం మీద సంతకం చేస్తుంటే ముఅత్తర్ ముందుకి వంగింది. "మా... మా..."

"మాంసమా? మెత్తగా ఉడికించి పెట్టండి," అన్నాడు డాక్టరు తల ఎత్తకుండా.

ఆమె తల అడ్డంగా ఊపింది. డాక్టరు చేతిగడియారం చూసుకున్నాడు. మదుమార్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేలవైపు చూస్తున్నాడు. పెదవులు ఒకసారి కదిలాయి. మళ్లీ మూసుకున్నాయి. ఆమె ఏం చెప్పబోతోందో ఆయనకీ తెలియదని ఆ మొహం చూస్తే నాకు తెలిసింది.

"మా అసిల్‌బెక్," అంది ముఅత్తర్. "మా అబ్బాయి. పదమూడేళ్లప్పుడు వాళ్ల నాన్న డబ్బీలోంచి తీసుకోవడం మొదలెట్టాడు. ఇప్పుడు ఇరవై ఎనిమిది. వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెదవి లోపల తెల్లగా ఉంది. నేను చూశాను."

మదుమార్ తల ఎత్తాడు. డాక్టరు కలం కింద పెట్టాడు.

"ఎప్పుడు తీసుకురాగలరు?" అన్నాడు.

గురువారం తీసుకొచ్చారు. అసిల్‌బెక్ పొడుగు మనిషి, తండ్రి భుజాలు, తల్లి కళ్లు. సిగ్గుపడుతూ కుర్చీలో కూర్చున్నాడు. వెనక తండ్రి నిలబడ్డాడు, ఒక్క హాస్యం కూడా ఆడలేదు. నేను కింది పెదవి తిప్పి దీపం దగ్గరికి లాగాను. ముడతలు పడ్డ తెల్లటి చోటు, గోరంత. నొక్కితే మెత్తగానే ఉంది. డాక్టరు రెండుసార్లు చూసి, "దీనికి కోత అక్కర్లేదు," అన్నాడు. "ఇవాళే మానేస్తే రెండు మూడు నెలల్లో చర్మం దానంతటదే మారుతుంది. మానకపోతే మీ నాన్న కూర్చున్న కుర్చీ ఇదే."

కుర్రాడు జేబులోంచి డబ్బీ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూశాడు. ముఅత్తర్ చెయ్యి చాపింది.